విమానంలో వచ్చిన చేపలు

ఆగస్టు 6

గాజు వచ్చింది. ఐదు పలకలు. మ్జుజు పట్నం నుంచి లారీలో, పరుపుల మధ్య పెట్టి తెచ్చారు. ఒక్కో పలకకి నలుగురు కావలసి వచ్చింది. దించేటప్పుడు ఎవరూ నోరు మెదపలేదు. దించాక అందరూ ఒకేసారి మాట్లాడారు.

ఊళ్ళో నవ్వులే నవ్వులు. మా చేపల ఆఫీసు గుమ్మంలో నిలబడి రాయి విసిరితే మలావీ సరస్సులో పడుతుంది. ఇంత నీళ్ళ పక్కన గాజుపెట్టె కట్టి అందులో చేపల్ని పెట్టడమేమిటని. టమాటాలమ్మే ఫ్యానీ అయితే, "ఏం తావొంగా, వచ్చే ఏడు సరస్సు తడవకుండా గొడుగు పడతావా?" అంది. నేనూ నవ్వాను. బయటినుంచి చూస్తే నవ్వొచ్చే పనే.

అసలు సంగతి వేరు. మా ఒడ్డుకి ఎదురుగా చిన్న దీవి ఉంది. దానికి ఇటుపక్క నీళ్ళలో మునిగి ఉన్న కపిరా రాళ్ళ దగ్గర ఒక రకం చేప ఉండేది. వేలెడంత. మగవాటికి నీలం ఒంటిమీద నల్ల పట్టీలు, అందుకని మావాళ్ళు వాటిని పోలీసులంటారు. ఆడవి పండు మామిడి రంగు. ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. అక్వేరియం చేపలు అమ్మే కంపెనీ కొన్నేళ్ళు వాటిని పట్టి విమానాల్లో పంపింది. కంపెనీ పోయాక దోమతెరల వలలు వచ్చి మిగిలినవాటిని ఊడ్చేశాయి. నాలుగేళ్ళుగా నేను అక్కడ నీళ్ళలోకి దిగి వెతుకుతున్నాను. ఒక్కటి కనబడలేదు.

జర్మనీలో రెనాటె అనే ఆవిడ ఇంట్లో వాటి మనవలు, మునిమనవలు ఉన్నాయి. పంపుతానంది. తిన్నగా సరస్సులో వదలకూడదు. ఏ జబ్బు మోసుకొస్తాయో తెలియదు. కొన్ని నెలలు వేరే నీళ్ళలో పెట్టి చూడాలి. అందుకీ పెట్టె.

ఆగస్టు 9

గాజు అతుకులకి సిలికాన్ జిగురు పట్టించాం. వారం దాకా ఎవరూ ముట్టుకోకూడదని తలుపుకి తాళం వేశాను. ఆఫీసరు గోండ్వే గారికి కూడా తాళంచెవి ఇవ్వలేదు. ఆయన వేలితో గుచ్చి చూసే రకం.

ఆగస్టు 17

నీళ్ళు నింపాం. ఎడమ మూల కారింది.

ఆగస్టు 18

మళ్ళీ ఖాళీ చేశాం. ఆ మూల పాత సిలికాన్ బ్లేడుతో గీకి మళ్ళీ పట్టించాను. మళ్ళీ వారం. గోండ్వే గారు నన్నేమీ అనలేదు. రోజంతా ఆ మూలనే చూస్తూ కూర్చున్నారు, అది ఇంకా బాధ.

ఆగస్టు 28

ఈసారి కారలేదు.

రాళ్ళు కావాలి. ఈ చేపలకి రాళ్ళే ఇల్లు. సందులు లేకపోతే బతకవు. ఒడ్డున ఉన్నవి చాలవు, దీవి దగ్గర్నుంచి తేవాలి. దానికి పడవ కావాలి. పెద్ద పడవ మా లేవిసన్ అన్నయ్యకే ఉంది. వెళ్ళి అడిగాను. వల బాగుచేసుకుంటున్నాడు. తలెత్తకుండానే, "తావా, ఇంకేం కావాలన్నా అడుగు. ఆ చేపల కోసం నా పడవ అడక్కు" అన్నాడు.

అడగకుండా ఉండాల్సింది.

నాన్న ఆ కంపెనీకి డైవరు. పడవలో గాలి పంపే కంప్రెసర్ ఇంజను, దాన్నుంచి పొడుగాటి గొట్టం, ఆ గొట్టం నోట పెట్టుకుని కింద గంటలకొద్దీ ఉండేవాడు. కపిరా దగ్గర ఈ చేపలు పట్టిన రోజే, ఒడ్డుకొచ్చాక పోయాడు. నాకప్పుడు పదకొండేళ్ళు. అన్నయ్యకి పదహారు. పడవలో ఇంజను కాపలా వాడిదే. కుర్రాడు నిద్రపోయాడు, ఇంజను ఆగిపోయింది అని ఊరంతా ఒకటే మాట. అమ్మ ఆ మాట ఎప్పుడూ అనలేదు. కాదనీ అనలేదు. అన్నయ్య ఇంటికి వెళ్తుంది, పిల్లల్ని ఆడిస్తుంది, వచ్చేస్తుంది. అక్కడ అన్నం ముట్టదు. ఎందుకని ఎవరూ అడగరు.

రాళ్ళు వేరేవాళ్ళ పడవలో తెచ్చాను.

సెప్టెంబరు 2

రాళ్ళు పేర్చాను. ముందు రాళ్ళు, తర్వాత ఇసుక. ఇసుక మీద రాళ్ళు పెడితే ఈ చేపలు కింద తవ్వేస్తాయి, రాయి దొర్లి గాజు పగులుతుంది. నడుం పోయింది. అమ్మ వేడినీళ్ళ గుడ్డ వేసింది.

సెప్టెంబరు 20

నీళ్ళు ఇంకా పండలేదు. గుప్పెడు ఎండుచేపల పొడి వేసి కుళ్ళనిచ్చాను. ఆ కుళ్ళుని తినే కంటికి కనబడని పురుగు ఫిల్టరులో పుట్టి పెరగాలి. అప్పటిదాకా ఆ నీళ్ళు విషమే. రోజూ గాజు గొట్టంలో నీళ్ళు పట్టి చుక్కలు వేసి చూస్తున్నాను. ఆకుపచ్చగానే తిరుగుతోంది. పసుపు తిరగాలి.

అమ్మకి ఇదంతా చెబితే, "నీళ్ళు పండటమేమిటే, అరటిగెలా?" అంది. గది వాసన మాత్రం అరటిగెల వాసన కాదు. గోండ్వే గారు వరండాలో బల్ల వేయించుకున్నారు.

అక్టోబరు 11

పసుపు!

అక్టోబరు 25

వచ్చేశాయి. రెనాటె కూడా వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, బక్కపలుచగా ఉంది, పెద్ద టోపీ. మూడు విమానాలు మారి, రాజధాని లిలోంగ్వేలో దిగి, అక్కణ్ణుంచి మా జీపులో ఆ పెట్టెల పక్కనే కూర్చుని వచ్చింది. ముందు సీట్లో కూర్చోమంటే వినలేదట. విమానాశ్రయంలో పెట్టెల్లో ఏముందని అడిగారట. చేపలు, మలావీకి తెచ్చాను అని చెప్పింది. ఆ కుర్ర ఆఫీసరు వెనక్కి తిరిగి, "రండ్రా, ఈ అవ్వ మనకి చేపలు తెచ్చిందంట!" అని అందరినీ పిలిచాడు. డ్రైవరు చెప్పి చెప్పి నవ్వుతున్నాడు.

ఒక సంచిలోవి అన్నీ చచ్చిపోయాయి. మిగతావి బాగున్నాయి. సంచులు ట్యాంక్‌లో తేల్చి, కొంచెం కొంచెంగా మా నీళ్ళు కలిపి, సాయంత్రానికి వదిలాం. కాసేపు అన్నీ ఒక మూల ముద్దగా చేరాయి. తర్వాత ఒక పోలీసు విడిపడి రాళ్ళ మధ్యకి వెళ్ళాడు. ఆ నీలం నాకు గుర్తే. నాన్న బకెట్లో చూసిందే. ఇన్నేళ్ళూ నేనే ఎక్కువ చేసి గుర్తుపెట్టుకున్నాననుకున్నాను. లేదు, అంత నీలమే.

రెనాటె తన మొదటి ఆరు చేపల్ని జర్మనీలో ఒక దుకాణంలో కొన్నదట. ఆ రోజుల్లో ఇక్కడ ఎవరు పట్టేవారని అడిగింది. కపిరా దగ్గర దిగింది ఒక్కరే, మా నాన్న అన్నాను. పేరడిగింది. జైరస్ మాండా. రెండుసార్లు పలికి సరిచేసుకుంది. ఆయన్ని చూడొచ్చా అంది. ఎలా పోయాడో చెప్పాను. ఆవిడ టోపీ తీసి ట్యాంక్ వైపు తిరిగింది.

అక్టోబరు 28

రెనాటె వెళ్ళిపోయింది. కర్రపెండలం సంకటి రెండుసార్లు అడిగి వేయించుకుంది, దాంతో అమ్మకి బాగా నచ్చేసింది. వెళ్ళేముందు ఒకటే మాట పదిసార్లు చెప్పింది. చేపల్ని పలచన చెయ్యకు. తక్కువుంటే బలమైనవాడు ఒక్కొక్కణ్ణీ వెంటాడి చంపుతాడు. కిక్కిరిసి ఉంటే ఎవణ్ణి తరమాలో తెలియక విసిగి ఊరుకుంటాడు.

అమ్మతో చెబితే, "మన మినీబస్సు లాగా" అంది.

నవంబరు 3

పెద్ద పోలీసు ఇంకొకణ్ణి చంపాడు. ఇది మూడోది.

నవంబరు 4

రాళ్ళన్నీ తీసి వేరేలా పేర్చాను. ఎవడి ఇల్లు ఎక్కడో ఎవడికీ తెలియకుండా పోయింది. పెద్ద పోలీసు సరిహద్దులు వెతుక్కుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాడు, ట్రాన్స్‌ఫర్ అయినవాడిలా. ఇవాళ ఎవరినీ కొట్టలేదు.

నవంబరు 16

ఒక ఆడచేప గొంతు కింద ఉబ్బింది. తిండి వేస్తే అన్నీ ఎగబడ్డాయి, అది కదల్లేదు. నోట్లో గుడ్లున్నాయి. పిల్లలై ఈదేదాకా మింగదు, తినదు. మూడు వారాలు పస్తు. వదిన ఫైనెస్ పిల్లల్ని తీసుకుని చూడ్డానికి వచ్చింది. విని, "మూడు వారాలు నోరు మూసుకోవాలా? నా వల్ల కాదమ్మా" అంది. బయటికెళ్తూ, మీ అన్నకి చెబుతాను, వచ్చి చూడమంటాను అంది.

రాలేదు.

నవంబరు 28

గాలివాన. తెల్లవారేసరికి కరెంటు స్తంభాలు మూడు పడిపోయాయి. రోడ్డుకి అడ్డంగా మామిడిచెట్టు. కరెంటు రావడానికి రెండు మూడు రోజులు పడుతుందంటున్నారు. గోండ్వే గారు మీటింగని మ్జుజులో ఉన్నారు. ఆఫీసు జనరేటరు పోయిన నెలనుంచే పనిచెయ్యడం లేదు.

పంపు ఆగింది. నీళ్ళలోకి గాలి లేదు. ఉక్క. నీళ్ళు వేడెక్కుతున్నాయి. బకెట్‌తో ముంచి పైనుంచి పోస్తున్నాను, ముంచి పోస్తున్నాను. వాచ్‌మన్ యోనా ఒకడు, నేనొకదాన్ని.

నవంబరు 29, మధ్యాహ్నం

చేతులు లేవడం లేదు. చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరిచి గుటకలు వేస్తున్నాయి. నాలుగు పోయాయి. ఆ గుడ్ల చేప ఇంకా ఉంది. నోరు విప్పితే గాలి, విప్పితే గుడ్లు పోతాయి. విప్పడం లేదు.

నవంబరు 30

నిన్నటిది ఇప్పుడు రాస్తున్నాను.

రాసి లేచేసరికి గుమ్మంలో చప్పుడు. అన్నయ్య. వెనకాల వాడి వలవాళ్ళు ఇద్దరు, తోపుడుబండి మీద టార్పాలిన్ కప్పిన బరువు. సరస్సు అల్లకల్లోలంగా ఉంది కాబట్టి పడవలు దిగలేదు. టార్పాలిన్ తీశాడు. నాన్న కంప్రెసర్. ఇన్నేళ్ళూ దాన్ని మినీబస్సుల స్టాండులో టైర్లకి గాలికొట్టడానికి పెట్టాడు. నాకు తెలుసు. రోజూ దాని పక్కనుంచే వెళ్తాను. అది ఇక్కడికి వస్తుందని మాత్రం అనుకోలేదు.

"ఫైనెస్ ఒకటే ఏడుపు. చేపలు చచ్చిపోతున్నాయంట, నీ చెల్లెలు కూడా చచ్చేలా ఉందంట. గొట్టం ఎక్కడ పెట్టాలో చెప్పు" అన్నాడు.

గాలిలో నూనె వాసన ఉంది. సీసాకి అడుగున చిల్లు పెట్టి, బొగ్గు నింపి, అందులోంచి పంపాను. గాలి బుడగలు రాళ్ళ సందుల్లోంచి లేచాయి. వలవాళ్ళు హో అని అరిచారు. కాసేపటికి చేపలు ఒక్కొక్కటే కిందికి దిగాయి.

వలవాళ్ళని పంపేశాడు. తను ఇంజను పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. ట్యాంక్‌కి వీపు పెట్టి. మాటిమాటికీ పెట్రోలు మూత తీసి చూస్తున్నాడు. ఇందాకే చూశావుగా అన్నాను.

"ఆ రోజు నేను నిద్రపోలేదే తావా" అన్నాడు.

నేను బకెట్ కింద పెట్టాను.

"పెట్రోలు అయిపోయింది. ఇంకో డబ్బా తీసుకుందాం నాన్నా అని పొద్దున్నే అన్నాను. గంట పనికి రెండు డబ్బాలెందుకురా అన్నాడు. కింద చేపలు బాగా దొరికినట్టున్నాయి. గంట కాస్తా మూడు గంటలైంది. ఇంజను దగ్గడం మొదలెట్టింది. నేను గొట్టం లాగి సైగ చేశాను. ఒక్క ఊపున పైకొచ్చేశాడు. అంత లోతులో అంతసేపు ఉన్నవాడు అలా రాకూడదు, ఆగి ఆగి రావాలి. వచ్చి నవ్వాడు. ఏరా, నిద్రపోయావా అని నవ్వాడు. సరదాకే అన్నాడు. పడవలో ఉన్న కంపెనీవాళ్ళు ఆ మాటే విన్నారు. ఒడ్డుకి చేరేసరికి కాళ్ళు పడిపోయాయి. పొద్దుగూకేసరికి మనిషే లేడు."

ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఎవరికి చెప్పను? శవం దగ్గర కూర్చుని, తప్పు ఈయనదే, డబ్బా పెట్రోలు దగ్గర పీనాసితనం చేశాడు అని చెప్పమంటావా? అమ్మ వింటుండగా? దినాలు అయ్యాక చెబుదామనుకున్నా. తర్వాత నీ చదువయ్యాక అనుకున్నా. తర్వాత అందరూ అలవాటు పడిపోయారు. నేనూ పడిపోయాను."

అమ్మకి చెప్పకు అన్నాడు. నేను తల ఊపాను. సరే అన్నాననుకున్నాడు.

ఇవాళ సాయంత్రం కరెంటు వచ్చింది. మొత్తం తొమ్మిది పోయాయి. అన్నయ్య కంప్రెసర్ ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. పోతూ పోతూ ఒక్కసారి ట్యాంక్ వైపు చూశాడు. "ఇంత చిన్నవా" అన్నాడు.

డిసెంబరు 2

చెప్పేశాను.

అమ్మ ఉసిపా అనే చిరుచేపలు ఏరుతోంది. మొత్తం చెప్పాను. ఏరుతూనే ఉంది. మంచివీ చెడ్డవీ ఒకే చాటలో పడేస్తోంది, అంతవరకే తేడా. నేను ముగించాక, "వాడు నాకెందుకు చెప్పలేదు?" అంది. నాన్నని తిట్టుకుంటావని అన్నాను.

"తిట్టేదాన్నే. శవాన్నైనా సరే కూర్చోబెట్టి తిట్టేదాన్ని. అప్పుడే తిట్టేసి ఉంటే ఈపాటికి మర్చిపోయి కూడా ఉండేదాన్ని" అంది.

చాట పక్కన పెట్టింది. కొత్త గుడ్డ చుట్టుకుంది. నన్ను రావద్దంది.

మిగతాది వదిన చెప్పింది. అన్నయ్య వాకిట్లో వలవాళ్ళతో ఉన్నాడట. అమ్మ నేరుగా వెళ్ళి నిలబడి, "ఒరే దున్నపోతా! పదహారేళ్ళకే అంత పెద్దమనిషివైపోయావా? నా మొగుణ్ణి నా దగ్గర్నుంచి కాపాడటానికి నువ్వెవడివిరా?" అని మొదలుపెట్టిందట. వలవాళ్ళు లేచి పోబోతే, "కూర్చోండి, మీరూ వినండి! ఊరంతా వినాలి, వీడు నిద్రపోలేదు!" అందట. అన్నయ్య వల పట్టుకునే కూర్చున్నాడు, తల వంచుకుని, చిన్నపిల్లాడిలా. "ఇరవై ఐదేళ్ళు నిన్ను చూసినప్పుడల్లా నేనేమనుకున్నానో నీకు తెలుసా? అది తప్పని నాకు చెప్పొద్దురా?" అన్నప్పుడు మాత్రం, "తెలుసమ్మా" అన్నాడట.

అక్కడితో అమ్మ గొంతు పోయిందట. నీళ్ళడిగింది. తర్వాత తిట్టి తిట్టి ఆకలేస్తోంది, ఏం వండావే అని వదినని అడిగి, కూర్చుని తినేసింది.

వదిన ఇదంతా చెబుతూ ఏడ్చింది, నవ్వింది. ఇంకాస్త ఉప్పు వేసి ఉండాల్సిందని బాధపడింది.

డిసెంబరు 3

అన్నయ్య నాతో మాట్లాడటం లేదు.

డిసెంబరు 8

ఆ చేప నోరు విప్పింది. పొద్దున్న వెళ్ళేసరికి రాళ్ళ సందులో పిల్లలు. బియ్యపు గింజంత. దాని బొజ్జ వీపుకి అంటుకుపోయి ఉంది. తిండి వేస్తే పెద్ద పోలీసుని తోసుకుని ముందుకొచ్చింది.

డిసెంబరు 19

అన్నయ్య మాట్లాడాడు. "నోట్లో నువ్వు గింజ నానదు నీకు" అన్నాడు. నిజమే అన్నాను. అంతటితో అయిపోయింది.

జనవరి 14

జబ్బులేవీ లేవని రాజధానినుంచి కబురొచ్చింది. వదలొచ్చు.

అయితే కపిరా దగ్గర వలలు ఆగకపోతే వదిలి లాభం లేదు. మా ఒడ్డున ఎవరు ఎక్కడ వల వెయ్యాలో తేల్చే కమిటీకి అన్నయ్యే పెద్ద. మీటింగులో నేను గంటసేపు చెప్పాను, బొమ్మలు కూడా చూపించాను. వెనకనుంచి ఒకాయన, "చేపలకేనా ఇల్లు, మాకు తిండి వద్దా?" అన్నాడు. ఆయన అడిగిందీ న్యాయమే.

అన్నయ్య లేచాడు. "కపిరా దగ్గర మనకి దొరికేదేముంది, వల చిరగడం తప్ప? పోయిన ఏడు నాకు రెండు చిరిగాయి, నీకెన్ని? ఆ దీవికి ఇటుపక్క ఎవరూ వేయొద్దు. అటుపక్క నా వంతు చోటు ఉంది, ఇటు నష్టపోయినవాడు అక్కడ వేసుకోండి" అన్నాడు. చేపల గురించి ఒక్క మాట అనలేదు. తన చోటు వదులుకున్నాడని అందరికీ అర్థమయ్యేసరికి కాసేపు పట్టింది. చేతులు లేచాయి. అన్నీ కాదు. చాలినన్ని.

ఫిబ్రవరి 5

వదిలాం.

అన్నయ్య పడవలోనే. అమ్మ కూడా ఎక్కింది, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా. గోండ్వే గారికి నీళ్ళంటే భయం, ఒడ్డునుంచి చెయ్యి ఊపారు. సరస్సు పలకలా ఉంది. కళ్ళకి గాజు మాస్కు, వీపుకి గాలి సిలిండరు కట్టుకుని, సంచులతో నేను దిగాను. రాళ్ళ దగ్గర, మనిషి లోతుకి పదింతలుంటుంది. ఒక్కో సంచి విప్పాను. మొదట ముద్దగా నిలబడ్డాయి. తర్వాత చెదిరాయి. ఎప్పుడూ చూడని రాళ్ళు వాటికి. ఎవరూ దారి చూపించలేదు. అయినా సందుల్లో దూరిపోయాయి. పెద్ద పోలీసు ఒక రాయి ఎంచుకుని, దాని చుట్టూ ఒక చుట్టు తిరిగి, నా వేలు పొడిచాడు.

పైకొచ్చేసరికి అన్నయ్య పడవ అంచు పట్టుకుని కూర్చున్నాడు. నీళ్ళలోకి చూడటం లేదు. "దిగాయా?" అన్నాడు. దిగాయన్నాను. నిదానంగా, ఆగి ఆగి పైకొచ్చావా అని కూడా అడిగాడు. నిదానంగానే వచ్చాను.

అమ్మ తెచ్చిన మొక్కజొన్న పొత్తులు తిన్నాం. నాన్న పేరు ఎవరూ ఎత్తలేదు. అమ్మ ఒక పొత్తు తినకుండా నీళ్ళలో వేసింది. "చేపలకి" అంది. అవి పొత్తులు తినవు.

ఫిబ్రవరి 23

అన్నయ్య నా మాస్కు పట్టుకెళ్ళి పది రోజులైంది. అడిగితే ఏ మాస్కు అంటున్నాడు.